తాతల నాటి రివాల్వర్ వయసు తెలుసుకోవడం ఎలా?

పాత రివాల్వర్ మీద కనిపించే సంవత్సరం దాని పుట్టిన సంవత్సరం కాకపోవచ్చు. అది పేటెంట్ తేదీ కావచ్చు, పరీక్ష జరిగిన ఏడు కావచ్చు, మోడల్ పేరులో భాగం కావచ్చు. నిజంగా తయారైన ఏడే అయినా, తరువాత మార్చిన భాగాలకు అది వర్తించదు. అందుకే ఒక్క అంకె చూసి తేల్చేయకుండా ఆకారం, తయారీదారు పేరు, పరీక్షా ముద్రలు, నంబరు, కాగితాలు అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. మన దేశంలో వారసత్వంగా వచ్చే రివాల్వర్లలో బ్రిటిష్ వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ తరచు కనిపిస్తాయి కాబట్టి ఇక్కడ వాటి గురించే ఎక్కువ చెబుతున్నాం.

ముట్టుకునే ముందు చట్టం సంగతి

పాతది కదా, లైసెన్స్ ఎందుకు అనుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాతకాలపు నమూనాలకు, పురావస్తు విలువ ఉన్నవాటికి, పాడైనవాటికి మినహాయింపు ఇస్తుంది గానీ, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి పనికిరాని స్థితిలో ఉంటేనే. వందేళ్ళ వెబ్లీ చాలాసార్లు పేలే స్థితిలోనే ఉంటుంది. లైసెన్స్‌దారు చనిపోయి, వారసుల పేరు మీద ఇంకా లైసెన్స్ రాకపోతే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తరువాత కలెక్టరేట్‌లో, కమిషనరేట్ పరిధి అయితే పోలీస్ కమిషనర్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. 2019 సవరణ తరువాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినా ఇదే పరిమితి. డిపాజిట్ చేసినంత మాత్రాన వయసు చూసే పని ఆగిపోదు. డీలర్ అనుమతిస్తే ఫొటోలు అక్కడే తీసుకోవచ్చు.

ఖాళీ చేయడం

తుపాకి నోరు గోడవైపు, ఎవరూ లేని దిక్కుకు పెట్టి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి సిలిండర్ (తూటాలు పట్టే గుండ్రటి భాగం) తెరవాలి. వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ నడుము విరిచినట్టు తెరుచుకుంటాయి. ఎడమ పక్క, హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి భాగం) ముందున్న మీటను బొటనవేలితో నొక్కి బారెల్‌ను, అంటే గొట్టాన్ని, కిందికి వంచితే తూటాలు వాటంతట అవే పైకి లేస్తాయి. స్మిత్ అండ్ వెసన్‌లో ఎడమ పక్క ఉన్న బొత్తాన్ని ముందుకు తోయాలి, కోల్ట్‌లో వెనక్కి లాగాలి. రెండింటికీ సిలిండర్ ఎడమకు వస్తుంది. ఈ ఒక్క తేడాతోనే ఏ కంపెనీదో సగం తెలిసిపోతుంది. తుప్పుతో బిగుసుకుపోయి తెరుచుకోకపోతే బలవంతం చేయకండి, సుత్తి అసలు వాడకండి. లోపల తూటా ఉందన్న లెక్కతోనే ఆయుధాల మరమ్మతుదారుకు వదిలేయండి.

శుభ్రం చేసే మోజు వద్దు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండుతోనో నిమ్మకాయతోనో రుద్దితే ఆ పులుపు ఉక్కు మీది నీలిరంగు పూతను తినేస్తుంది. గరుకు కాగితం పట్టిస్తే లోతు తక్కువున్న పరీక్షా ముద్రలు చెరిగిపోతాయి. నంబరు చెరిగితే అది చట్టపరమైన తలనొప్పి కూడా, ఎందుకంటే 8వ సెక్షన్ గుర్తింపు ముద్రలను చెరపడం, మార్చడం నేరమంటుంది. మెత్తని గుడ్డకు రెండు చుక్కల తుపాకీ నూనె రాసి దుమ్ము తుడిస్తే చాలు. ముద్ర కనిపించకపోతే దాని మీద కొంచెం టాల్కం పౌడర్ అద్ది పైపొర తుడిచేయండి, గాట్లలో పొడి నిలిచి అక్షరాలు తేలతాయి. గదిలో దీపం ఆర్పి, టార్చిని లోహానికి దాదాపు సమాంతరంగా పక్క నుంచి పట్టి ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయండి. పై నుంచి వెలుగు పడితే మెరుపే తప్ప అక్షరం కనిపించదు.

ఫ్రేమ్ (మిగతా భాగాలను పట్టుకునే అసలు ఒళ్ళు) రెండు పక్కలు, బారెల్ పైభాగం, కింది భాగం, సిలిండర్ గుండ్రటి ఒళ్ళు, దాని వెనక ముఖం, పిడి వెనక పట్టీ, పిడి అడుగు, అన్నీ తీయాలి. పిడి చెక్కలు విప్పాలంటే మరకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ కావాలి. సన్నది పెట్టి తిప్పితే మర తల నలిగిపోతుంది.

ఆకారం చూసి అంచు గీసుకోవడం

వెబ్లీ సైనిక రివాల్వర్లు ఆరు మార్కులుగా వచ్చాయి: మార్క్ 1 1887లో, 2 1894లో, 3 1897లో, 4 1899లో, 5 1913లో, 6 1915లో. అన్నీ .455 బోర్ (తూటా కొలత, అంగుళాలలో). మొదటి ఐదింటి పిడి చిలుక ముక్కులా వంగి ఉంటుంది, బారెల్ సాధారణంగా 4 అంగుళాలు. ఆరోదానికి పిడి అడుగు కోసినట్టు చదరంగా, బారెల్ 6 అంగుళాలు. మార్క్ సంఖ్య చాలావరకు ముద్రలోనే ఉంటుంది. మార్క్ 6 సైనిక తయారీలో ఫ్రేమ్ పక్కన వెబ్లీ పేరు, పేటెంట్ అన్న మాటతో పాటు 1916, 1917 లాంటి ఏడు కనిపిస్తుంది. దాన్ని పేటెంట్ ఏడు అనుకుని పక్కన పెట్టేస్తారు గానీ, ఇక్కడ మాత్రం అది తయారైన ఏడే. కిరీటం, జీఆర్ అక్షరాలు, కింద ఎన్‌ఫీల్డ్ అని ఉంటే అది 1921 నుంచి 1926 మధ్య ప్రభుత్వ కర్మాగారంలో తయారైన మార్క్ 6.

ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్ .38 బోర్, 1932లో వచ్చింది. ఫ్రేమ్ కుడి పక్కన ఏడు స్పష్టంగా కొట్టి ఉంటుంది కాబట్టి సులువే, ఒక్క మెలిక తప్ప. 1938లో వచ్చిన నక్షత్రపు గుర్తు రకానికి హ్యామర్ మీద బొటనవేలు ఆనించే కొమ్ము ఉండదు. పాతవాటిని చాలావాటిని తరువాత అలా మార్చేశారు. అందుకే 1934 అని రాసి ఉండి, కొమ్ము లేని హ్యామర్ ఉంటే నకిలీ అని కంగారు పడనక్కర్లేదు. ఫ్రేమ్ వయసు ఒకటి, మార్పు వయసు ఇంకొకటి.

.38 వెబ్లీ మార్క్ 4 మీద వార్ ఫినిష్ అని ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధకాలపు తయారీ. మెరుగు పెట్టడానికి తీరిక లేక గీతలతోనే వదిలేశామని కంపెనీ చెప్పుకున్న సంజాయిషీ అది. ఇదే నడుము విరిచే పద్ధతిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం .32 రివాల్వర్లు చేసింది, తేలికరకం నిర్భీక్ 2014లో వచ్చింది. పోలిక చూసి వీటిని బ్రిటిష్ కాలపు వెబ్లీ అని చెప్పి అమ్మజూపేవాళ్ళుంటారు, ముద్ర చదివితే చాలు.

కంపెనీ పేరులో దాగిన తేదీ

పి. వెబ్లీ అండ్ సన్ అని ఉంటే 1897కు ముందుది. ఆ ఏడాది వెబ్లీ, స్కాట్, ఎల్లిస్ సంస్థలు కలిసి వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ అండ్ ఆర్మ్స్ కంపెనీ అయ్యాయి. 1906 నుంచి పేరు వెబ్లీ అండ్ స్కాట్ లిమిటెడ్‌గా కుదించుకుంది. బారెల్ మీద అమ్మిన దుకాణం పేరుంటే అదీ పనికొస్తుంది. ఆర్మీ అండ్ నేవీ కోఆపరేటివ్ సొసైటీ అని ఉంటే 1934కు ముందు, ఎందుకంటే ఆ ఏడాది దాని పేరు ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ అయింది. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తా మాంటన్ లాంటి పేర్లు అమ్మిన చోటును చెబుతాయి, తయారైన చోటును కాదు.

పరీక్షా ముద్రలు

బ్రిటన్‌లో పౌరులకు అమ్మే ప్రతి తుపాకీనీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షాశాలలో ఎక్కువ మందుగుండుతో పేల్చి ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో 1904 వరకు కిరీటం కింద వేరే రకం అక్షరాలు ఉండేవి. 1904 నుంచి కిరీటం కింద బీవీ, బీపీ, పొగలేని మందుకు ఎన్‌పీ వచ్చాయి. 1925 నుంచి బోర్, గుళిక పొడవు, టన్నులలో పీడనం కూడా కొట్టారు. నాట్ ఇంగ్లిష్ మేక్ అని ఉంటే అది 1925, 1955 మధ్య బ్రిటన్‌లో పరీక్షకు వచ్చిన విదేశీ తుపాకి. అన్నిటికంటే విలువైనది ఎక్స్ ఆకారంలో దాటుకున్న రెండు ఈటె గుర్తుల మధ్య ఉండే చిన్న అక్షరం. 1921లో ఎ తో మొదలై ఏడాదికో అక్షరం మారింది, 1950లో మళ్ళీ ఎ నుంచి మొదలైంది. ఒక ఏడాది అక్షరం జూలై నుంచి జూన్ దాకా నడిచింది కాబట్టి 1923 అన్నది 1923-24 అని రాసుకోండి.

ఈ తేదీ పరీక్షది. సైన్యం వదిలేసిన తుపాకీని పౌరులకు అమ్మే ముందు పరీక్షకు పంపేవారు. ఫ్రేమ్ మీద 1917, పక్కనే టన్నుల ముద్ర ఉంటే, తయారీ 1917, మార్కెట్‌లోకి వచ్చింది 1925 తరువాత అని అర్థం. కాకి పాదంలాంటి బాణపు గుర్తు ప్రభుత్వ ఆస్తి అన్న మాట. రెండు బాణాలు మొన మొన తాకేలా ఉంటే సర్కారు వదిలేసిందని.

చిన్న బెల్జియం రివాల్వర్లలో గుడ్డు ఆకారపు గీతలో ఈఎల్‌జీ అక్షరాలు లీజ్ పట్టణపు ముద్ర. మీద కిరీటం ఉంటే 1893 జూలై తరువాతిది, లేకపోతే అంతకు ముందుది.

నంబరును ఎక్కడ పొరబడతారు

స్మిత్ అండ్ వెసన్‌లో అసలు నంబరు పిడి అడుగున ఉంటుంది. సిలిండర్ తెరిచాక, అది వేలాడే చేయి వచ్చే గాడిలో కనిపించేవి కూర్పు సమయంలో వేసుకున్న అంకెలు. చాలామంది వాటినే నంబరు అనుకుని పట్టికలో వెతికి తప్పు ఏడు తేలుస్తారు. కోల్ట్‌లో మాత్రం అసలు నంబరు ఆ ప్రాంతంలోనే ఉంటుంది. రెండో యుద్ధపు స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్ నంబరు ముందు వి అక్షరం ఉంటే 1942 నుంచి 1945. బారెల్ మీది పేటెంట్ తేదీల వరుస నుంచి తేలేది ఒకటే, చివరి తేదీ కంటే ఇది పాతది కాదని.

వెబ్లీ అన్ని మోడళ్ళకూ కలిపి ఒకే నంబర్ల వరుస నడపలేదు. మోడల్ తెలియకుండా నంబరు మాత్రమే పట్టుకుని ఏడు అడిగితే ఎవరూ చెప్పలేరు. ఫ్రేమ్, బారెల్, సిలిండర్ల మీది నంబర్లు ఒకటేనా చూడండి. సిలిండర్‌ది వేరైతే భాగం మారింది.

కాగితాలు, చివరి లెక్క

మన ఇళ్ళలో మంచి సాక్ష్యం పాత లైసెన్స్ పుస్తకం. తొలి నమోదు తేదీ, కొన్న దుకాణం, బోర్, నంబరు అందులోనే ఉంటాయి. తుపాకి ఆ తేదీకి ముందే తయారైందన్నది ఖాయం. అమెరికా కంపెనీలవైతే స్మిత్ అండ్ వెసన్ చరిత్ర విభాగం రుసుము తీసుకుని ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్ళిన తేదీతో లేఖ ఇస్తుంది. నిపుణులకు ఫొటోలు పంపండి, తుపాకిని తిప్పకండి. పూర్తి నంబరు బహిరంగంగా పెట్టకండి.

ఫలితాన్ని ఒకే ఏడుగా కాకుండా రెండు అంచులుగా రాసుకోండి: "ముందు కాదు 1906, తరువాత కాదు 1921" అన్నట్టు. ప్రతి అంచు పక్కన ఏ ముద్ర వల్లో రాయండి. లైసెన్స్‌లోని బోర్, నంబరుతో లోహం మీదివి సరిపోల్చండి. సైనిక .455, .380 (పైన చెప్పిన ఎన్‌ఫీల్డ్ .38 తూటా ఇదే) తూటాలు పట్టే రివాల్వర్లు మన దగ్గర నిషేధిత బోర్ కిందికి వస్తాయి, వాటి లైసెన్స్ వ్యవహారం వేరు. 3ను 8గా చదివి పాత గుమాస్తా రాసిన తేడా కనిపిస్తే, ఫొటోలతో దరఖాస్తు ఇచ్చి కాగితాన్ని సరిచేయించుకోవాలి. లోహం మీది అంకె జోలికి మాత్రం వెళ్ళకూడదు.