నర్సు ఉద్యోగం ఇంటర్వ్యూకి ఏం కట్టుకుని వెళ్లాలి?

తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసరు పోస్టులను వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు రాత పరీక్ష పెట్టి భర్తీ చేస్తుంది, ఎయిమ్స్ ఆసుపత్రులకు నార్సెట్ అనే పరీక్ష ఉంది. అక్కడ మార్కులూ సర్టిఫికెట్లూ మాట్లాడతాయి కాబట్టి మీరు ఏ చుడీదార్ వేసుకుని వెళ్లారన్నది ఎవరికీ అక్కర్లేదు. ప్రైవేటు, కార్పొరేట్ ఆసుపత్రుల సంగతి వేరు. జి.ఎన్.ఎం. అనే నర్సింగ్ డిప్లొమా గానీ బి.ఎస్సీ. నర్సింగ్ గానీ పూర్తిచేసి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికి రాగానే ఎక్కువమంది మొదట తలుపు తట్టేది అక్కడే. ఆ ఇంటర్వ్యూలో హెచ్.ఆర్. వారితో పాటు నర్సింగ్ సూపరింటెండెంట్ కూర్చుంటారు, కొన్నిచోట్ల ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు కూడా ఉంటారు. ఈ ఇద్దరూ మీ బట్టలను చూసే తీరు బ్యాంకు ఉద్యోగానికో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికో ఇంటర్వ్యూ చేసేవారు చూసే తీరుకు భిన్నంగా ఉంటుంది. ఈ అమ్మాయిని ఇప్పటికిప్పుడు వార్డులోకి పంపితే పేషెంటు మంచం పక్కన ఈ బట్టలతో నిలబడి పని చేయగలదా అన్నదే వారి మనసులో ఉండే ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు అర్థమైంది నా మొదటి ఇంటర్వ్యూలో, అదీ ఆలస్యంగా. అమ్మ పెట్టెలోంచి తీసి ఇచ్చిన గంజి చీర కట్టుకుని, చీరకు సరిపోయే గాజులు రెండు చేతులకూ నిండుగా వేసుకుని వెళ్లాను. ప్రశ్నలన్నీ అయ్యాక సూపరింటెండెంట్ మేడం పక్క కుర్చీలో ఉన్న ఆయాను చూపించి బి.పి. చూడమన్నారు. కఫ్ చుట్టి, మోచేతి మడత దగ్గర స్టెతస్కోప్ ఆనించి, గాలి వదులుతూ వినబోతే నాకు వినిపించింది నాడి చప్పుడు కాదు, నా గాజులే! స్టెతస్కోప్ గొట్టానికి ఒక్క గాజు తగిలినా చెవిలో గణగణమంటుంది. పైకి లాక్కుంటే మళ్లీ జారాయి. రెండోసారి కఫ్ బిగించేసరికి పమిట ఆయా ఒళ్లో పడింది. నేను చెప్పిన రీడింగ్ తప్పని నాకే తెలుసు. మేడం ఏమీ అనలేదు గానీ కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఆ తరవాత చాలా ఏళ్లకు నేనే బల్లకు అటువైపు కూర్చున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు రోజు రాత్రి మీరు వేసుకోదలచిన బట్టలు వేసుకుని ఇంట్లో మంచం పక్కన నిలబడండి. నడుము వంచి దిండు సర్దండి, రెండు చేతులూ పైకెత్తి సెలైన్ సీసా తగిలిస్తున్నట్టు చేయండి, నేల మీద మోకాళ్లపై కూర్చుని చేతులు తిన్నగా చాచి సి.పి.ఆర్. చేస్తున్నట్టు దిండును నొక్కండి. గుండె ఆగినవారి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కే పని అది. వంగినప్పుడు మెడ జారినా, చేతులెత్తినప్పుడు చంకలో పట్టేసినా, మోకాళ్లపై కూర్చోగానే కుట్లు పటపటమన్నా ఆ బట్టలు ఇంటర్వ్యూకి పనికిరావు, అవి ఎంత ఖరీదైనవైనా సరే. ఇంటర్వ్యూలో డమ్మీ మీద సి.పి.ఆర్. చేసి చూపించమనడం ఇప్పుడు మామూలైపోయింది కాబట్టి ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు.

చీరా, చుడీదారా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. నన్నడిగితే, చీర కట్టుకోవడం రోజూ అలవాటుంటే తప్ప ఆ రోజు చీర జోలికి వెళ్లవద్దు. కాలేజీ ఫేర్‌వెల్ రోజున కట్టుకున్నామన్నది అలవాటు కిందికి రాదు. అలవాటున్నవారు మెత్తని కాటన్ చీర ఎంచుకుని, పమిటను కుచ్చెళ్లు పెట్టి భుజం మీద పిన్ను పెట్టుకుని, కొంగు నడుములో దోపుకునేంత పొడవే ఉంచుకోవాలి. మిగిలినవారికి మోకాలు దాటిన కుర్తా, మరీ బిగుతుగా లేని ప్యాంటు, మోచేతి వరకో అంతకు కొంచెం కిందికో వచ్చే చేతులు అన్ని విధాలా సుఖం. పొడవు చేతులు ఉంటే అవి మడిచినప్పుడు పైనే నిలవాలి. చేతులు కడుక్కోమంటే మణికట్టు దాకా కడుక్కోవాలి కదా, తడిసిన చేతి అంచులతో వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చోవడం బాగుండదు.

చున్నీ సంగతి మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన ఇబ్బందుల్లో సగం దానివల్లే. జార్జెట్, షిఫాన్ చున్నీలు ఒక్క క్షణం నిలవవు. మాట్లాడుతున్నంతసేపూ భుజం మీదికి లాక్కుంటూ ఉండే అమ్మాయి ఏం చెబుతోందో వినడం మానేసి ఆ చున్నీనే చూస్తూ ఉండిపోయిన సందర్భాలు నాకున్నాయి. కాటన్ చున్నీ తీసుకుని, ‘వి’ ఆకారంలో మడిచి, రెండు భుజాల దగ్గరా లోపలివైపు నుంచి సేఫ్టీ పిన్నులు పెట్టండి. పిన్ను బయటికి కనిపించకూడదు, మొన విప్పుకోకూడదు. ప్రాక్టికల్ చేయమన్నప్పుడు చున్నీ రెండు కొసలనూ వెనక్కి తీసుకెళ్లి నడుము దగ్గర ముడి వేసుకోవడం, లేదా అనుమతి అడిగి తీసి కుర్చీ మీద పెట్టడం మంచిది. అనుమతి అడిగి తీసిపెట్టిన అమ్మాయికి పని తెలుసని మేము అనుకుంటాం. తల మీద స్కార్ఫ్ వేసుకునేవారు దాని కొసలను కుర్తా లోపలికి దోపుకుంటే సరిపోతుంది.

రంగుల గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. లేత నీలం, బూడిద, లేత ఆకుపచ్చ, క్రీమ్, ముదురు నీలం ఏదైనా సరే. జరీ, అద్దాలు, మెరుపు దారాలు లేకుంటే చాలు. పూర్తి తెలుపు కట్టుకుంటే సిటీ బస్సులో వచ్చేసరికి దాని రంగు ఏమవుతుందో మీకే తెలుసు.

ఇక చేతులు. నేను బల్లకు అటువైపు కూర్చున్న రోజుల్లో ముఖం కంటే ముందు చూసేది వాటినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో విడుదల చేసిన చేతుల పరిశుభ్రత మార్గదర్శకాల ప్రకారం పేషెంటును తాకేవారు కృత్రిమ గోళ్లు పెట్టుకోకూడదు, సొంత గోళ్ల కొసలు అర సెంటీమీటరు దాటకూడదు. ఇంటర్వ్యూకి అంతకంటే పొట్టిగానే కత్తిరించుకుని, గోళ్ల రంగు పూర్తిగా తీసేయండి. సగం ఊడిన రంగు అసలు రంగు కంటే అధ్వానంగా కనిపిస్తుంది. ఉంగరాల కిందా గాజుల కిందా సబ్బు సరిగా చేరదు, కాబట్టి అవి ఇంట్లోనే ఉంచండి. అన్నిటికంటే కష్టమైనది గుడిలో కట్టిన దారాలు. ఎరుపు, నలుపు, పసుపు దారాలు ఏడాదిగా మణికట్టు మీద ఉండి, చేతులు కడిగిన ప్రతిసారీ తడిసి, ఆరకుండా అలాగే ఉంటాయి. నమ్మకాన్ని కాదనను. దాన్ని విప్పి ఇంట్లో దేవుడి దగ్గర పెట్టవచ్చు, తాయెత్తయితే మెడలోకి మార్చుకోవచ్చు. మంగళసూత్రం, మెట్టెలు ఎవరూ తీయమనరు. గొలుసు మాత్రం కుర్తా లోపల ఉండాలి, వంగినప్పుడు పేషెంటు ముఖం మీద ఊగకూడదు. మొన్ననే చెల్లెలి పెళ్లిలో పెట్టుకున్న గోరింటాకు గురించి బెంగ వద్దు, అది చెరిపేస్తే పోయేది కాదని మాకూ తెలుసు.

చేతికి గాజులు వద్దన్నాను గానీ గడియారం కావాలి. అందులో సెకన్ల ముల్లు ఉండాలి. నాడి లెక్కపెట్టమంటే ఫోను తీసి చూడడం బాగుండదు. సిలికాన్ పట్టీ ఉన్న చౌక గడియారం చాలు, లేదా ఎడమవైపు జేబు పైన గుచ్చుకునే నర్సుల గడియారం. చేతులు కడుక్కోమన్నప్పుడు మణికట్టు గడియారాన్ని ముందుగా తీసి పక్కన పెట్టండి. సబ్బుతో కడిగితే 40 నుంచి 60 సెకన్లు పట్టాలి, అంతసేపు కడిగేవారు చాలా తక్కువమంది.

జుట్టును గట్టిగా ముడి వేసి నెట్ పెట్టుకోవడం, కనీసం జడ వేసి ముడి చుట్టుకోవడం తప్పనిసరి. ముందుకు పడే పాయలను నల్ల క్లిప్పులతో బిగించాలి. మల్లెపూలు, సెంటు ఆ రోజుకు వద్దు. కడుపులో తిప్పుతున్న పేషెంటుకు మల్లెల వాసన కూడా భరించలేనిది కావచ్చు. పట్టీలు కూడా తీసేయండి, రాత్రి డ్యూటీలో ఆ మువ్వల చప్పుడు వార్డంతా వినిపిస్తుంది. కాళ్లకు వేళ్లు మూసివుండే, మడమ ఎత్తు లేని, నేల మీద జారని చెప్పులో బూట్లో వేసుకోవాలి. జారి పడిన సూది, ఒలికిన రక్తం తెరిచివున్న వేళ్ల మీద పడడం వార్డులో కొత్తేమీ కాదు. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోవద్దు, వాక్-ఇన్ ఇంటర్వ్యూ అంటే ఉదయం 9 గంటలకు వెళ్లి సాయంత్రం దాకా నిలబడాల్సి రావచ్చు. వానాకాలమైతే మామూలు చెప్పులతో వెళ్లి, బూట్లు కవర్లో పట్టుకెళ్లి ఆసుపత్రి మెట్ల దగ్గర మార్చుకోండి.

అబ్బాయిలకు ఇస్త్రీ చేసిన చొక్కా, ముదురు రంగు ప్యాంటు, నల్ల బెల్టు, నల్ల బూట్లు, నున్నగా గీసిన గడ్డం చాలు. గడ్డం ఉంచుకునేవారు దాన్ని పొట్టిగా కత్తిరించుకోవాలి. కడియం, బ్రేస్‌లెట్ తీసేయాలి. అయ్యప్ప మాల వేసుకున్న రోజుల్లో ఇంటర్వ్యూ పడితే ముందే హెచ్.ఆర్. వారికి ఫోన్ చేసి చెప్పండి. నల్లబట్టలతో, పెరిగిన గడ్డంతో, చెప్పులు లేకుండా నేరుగా వెళ్లి గేటు దగ్గర వివరించుకోవడం కంటే అది మేలు.

పాత కాలేజీ యూనిఫాంలోనో, ఆసుపత్రి డ్యూటీలో వేసుకునే స్క్రబ్స్‌లోనో వెళ్లవచ్చా అని కొందరు అడుగుతారు. పిలుపులో స్పష్టంగా రాస్తే తప్ప వద్దు. వేరే ఆసుపత్రిలో ఇప్పటికే పని చేస్తున్నవారు అక్కడి డ్యూటీ ముగించుకుని అదే యూనిఫాంలో రావడం మరీ తప్పు. ఆ బట్టల మీద ఏ వార్డు క్రిములున్నాయో మాకు తెలియదు, పైగా ఈ ఆసుపత్రికి వచ్చాక మా యూనిఫాంతో సంతకు కూడా వెళ్తారని అనుకుంటాం. ప్రాక్టికల్ ఉంటుందని ముందే చెప్పివుంటే ఉతికిన తెల్ల ఏప్రాన్ ఒకటి మడిచి బ్యాగులో పెట్టుకోండి.

విదేశీ ఉద్యోగాలకు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానో ఏజెన్సీ ద్వారానో వెళ్లేవారికి ఒక అదనపు మాట. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2007లో ప్రకటించిన నియమం ప్రకారం పేషెంటు దగ్గరికి వెళ్లేవారికి మోచేతి కింద ఏమీ ఉండకూడదు. పొడవు చేతులు, చేతి గడియారం, రాళ్లున్న ఉంగరం ఏవీ కుదరవు, సాదా పెళ్లి ఉంగరం ఒక్కటి మాత్రం అనుమతిస్తారు. అక్కడివారు మీతో వీడియోలో మాట్లాడినప్పుడు కూడా పొట్టి చేతుల చొక్కాతో, ఖాళీ మణికట్టుతో కూర్చుంటే, ఆ నియమం మీకు తెలుసని నోటితో చెప్పనక్కర్లేదు. వీడియోలో సన్న గళ్లు, సన్న చారలు తెర మీద అలలు అలలుగా కదులుతాయి, కాబట్టి సాదా రంగు వేసుకుని, గోడ రంగులో కలిసిపోకుండా చూసుకోండి. పైన ఇంటర్వ్యూ బట్టలు, కింద నైట్ ప్యాంటు వేసుకుని కూర్చుంటే, సర్టిఫికెట్ తెమ్మన్నప్పుడు లేవాల్సి వస్తుంది.

ఇవన్నీ కొత్తవి కొనాలని నేను చెప్పడం లేదు. ఫ్రెషర్‌కు ఇచ్చే మొదటి జీతం ఎంతో నాకు తెలుసు. ఉతికి ఇస్త్రీ చేసిన పాత కాటన్ కుర్తా చాలు, అవసరమైతే అక్కదో స్నేహితురాలిదో అడిగి తీసుకోండి. ఖర్చు పెట్టదలిస్తే బూట్ల మీదా గడియారం మీదా పెట్టండి, ఉద్యోగం వచ్చాక కూడా అవే వాడుకోవచ్చు. బ్యాగులో సర్టిఫికెట్ల ఫైలుతో పాటు నాలుగు సేఫ్టీ పిన్నులు, రెండు జుట్టు క్లిప్పులు, ఒక చేతిరుమాలు, చిన్న శానిటైజర్ సీసా పెట్టుకోండి. పిలుపుకు పది నిమిషాల ముందు వాష్‌రూంకి వెళ్లి చేతులు కడుక్కుని, చున్నీ పిన్నులు ఒకసారి తడిమి చూసుకుని, ఫోను సైలెంట్‌లో పెట్టి వచ్చి కూర్చోండి.