అప్పడం మీద ఆల్డిహైడ్: ధ్రువణ కాంతి తిరుగుతుందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఇంటర్ సెకండియర్ పేపర్లు దిద్దుతుంటే ఏటా ఇదే తప్పు కనిపిస్తుంది. అసిటాల్డిహైడ్‌కు హెచ్‌సీఎన్ (హైడ్రోజన్ సయనైడ్) కలిపి, వచ్చినదాన్ని జలవిశ్లేషణ చేస్తే లాక్టిక్ ఆమ్లం వస్తుందని పిల్లలు చక్కగా రాస్తారు. అది ధ్రువణ కాంతిని (ఒకే తలంలో కంపించే వెలుతురుని) తిప్పుతుందా అని అడిగితే, కైరల్ కార్బన్ (నాలుగు వేరువేరు గుంపులున్న కార్బన్) ఉంది కాబట్టి తిప్పుతుందంటారు. మార్కు అక్కడే పోతుంది.

ముందు కార్బొనైల్ కార్బన్‌కి (ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కార్బన్‌కి) రెండు పక్కలా ఏమున్నాయో చూడండి. అసిటోన్‌లో రెండూ మిథైలే. సయనైడ్ చేరినా ఆ రెండూ అలాగే ఉంటాయి, కైరల్ కార్బన్ రాదు. అక్కడితో ఆపేయొచ్చు. అసిటాల్డిహైడ్‌లో మిథైల్, హైడ్రోజన్ ఉన్నాయి. వాటికి సయనైడ్, ఓహెచ్ తోడైతే నాలుగూ వేరువేరు. అయితే వచ్చి చేరేది ఏమిటో కూడా చూసుకోవాలి. ఇదే అసిటాల్డిహైడ్‌కి మిథైల్ గ్రిన్యార్డ్ (మిథైల్‌ను తెచ్చి కలిపే మెగ్నీషియం కారకం) వేస్తే మిథైళ్లు రెండవుతాయి, వచ్చేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కథ కంచికి.

కైరల్ కార్బన్ వచ్చిందంటే, అసలు ప్రశ్న ఇప్పుడే మొదలు. ఇక్కడ నేను క్లాసుకి ఒక పచ్చి అప్పడం తీసుకెళ్తాను. అంచు మీద మూడుచోట్ల పెన్నుతో ఆక్సిజన్, మిథైల్, హైడ్రోజన్ అని రాస్తాను. కార్బొనైల్ కార్బన్ చుట్టూ అంతా ఆ అప్పడంలాగే చదునుగా ఉంటుంది. ముందు నుంచి చూస్తే ఆ మూడూ గడియారం ముల్లు తిరిగే వరసలో ఉంటాయి. కిటికీ వెలుతురుకి పట్టి వెనక నుంచి చూస్తే వరస తిరగబడుతుంది. సయనైడ్‌కి ఏ వైపైనా ఒకటే, సగం ఇటు నుంచి, సగం అటు నుంచి చేరుతుంది. రెండు ప్రతిబింబాలూ సరిసమానంగా వస్తాయి. ఒకటి కుడికి తిప్పినంత రెండోది ఎడమకి తిప్పుతుంది, మొత్తం భ్రమణం సున్నా. రెసిమిక్ మిశ్రమం అని రాయండి.

మన కండరాల్లో మాత్రం లెక్క వేరు. పైరువేట్‌లోని కీటోన్‌ను క్షయకరణం చేసే ఎంజైమ్ హైడ్రైడ్‌ను (రుణావేశపు హైడ్రోజన్‌ను) ఒక్క వైపు నుంచే అందిస్తుంది. అందుకే అక్కడ వచ్చే లాక్టిక్ ఆమ్లం అంతా ఎస్ రూపమే (రెండు ప్రతిబింబాలకు పెట్టే ఆర్, ఎస్ పేర్లలో ఒకటి), కుడికి తిప్పేదే.

ఎస్ అంటే ఎడమ అనుకోకండి. డి-గ్లిసరాల్డిహైడ్ ఆర్, అదీ కుడికే తిప్పుతుంది. దాని పేరు పెట్టేటప్పుడు సీహెచ్‌ఓ కన్నా సీహెచ్‌టూఓహెచ్ పొడుగ్గా కనిపిస్తుంది కదా అని దానికి ముందు ర్యాంకు ఇచ్చేస్తారు. ద్విబంధంలో ఉన్న ఆక్సిజన్‌ను రెండుసార్లు లెక్కేయాలి. అప్పుడు సీహెచ్‌ఓకి రెండు ఆక్సిజన్లు, రెండోదానికి ఒక్కటే. ఓహెచ్ మొదటిది, సీహెచ్‌ఓ రెండోది. చివరి ర్యాంకు హెచ్‌ను వెనక్కి పెట్టి చూస్తే ఈ వరస సవ్యంగా తిరిగితే ఆర్, అపసవ్యంగా తిరిగితే ఎస్.

ఇంత చెప్పే నేనే ఒకసారి బోర్డు మీద దీని ఫిషర్ బొమ్మ (బంధాలను నిలువుగీత, అడ్డగీతలుగా చూపేది) వేసి, వరస అపసవ్యంగా ఉందని ఎస్ అని రాసేశాను. ‘మేడమ్, హెచ్ అడ్డగీత మీదుంది కదా’ అని చివరి బెంచీ అమ్మాయి అంది. నిజమే. అడ్డగీత మీదున్నవి మనవైపు వస్తాయి, కాబట్టి జవాబు తిప్పి ఆర్ అని రాయాలి. డస్టర్ తీసుకుని నవ్వుతూ చెరిపేశాను.

ఇప్పుడు 2-పెంటనోన్‌కీ, 3-పెంటనోన్‌కీ సోడియం బోరోహైడ్రైడ్ (ఇదీ హైడ్రైడ్‌ను అందించేదే) కలిపి చూడండి. ఒకదానికి అప్పడం దాకా వెళ్లక్కర్లేదు.