గట్టిగా ఉరికాక కళ్లు తిరగకుండా, దద్దుర్లు ముదరకుండా ఏం చేయాలి?

పోలీసు ఈవెంట్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలను హన్మకొండలో చాన్నాళ్లుగా ఉరికిస్తున్నాను. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలన్న టెన్షనే తప్ప, పరుగు ఎలా ఆపాలో ఎవరూ పట్టించుకోరు.

షూస్, కాటన్ బనియన్, నీళ్ల సీసా, ఫోన్ చాలు. పదిహేను నిమిషాలు మెల్లగా ఉరికి ఒళ్లు వేడెక్కించుకోండి. ఎండాకాలం పొద్దున ఏడు దాటాక ఉరకొద్దు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. గట్టిగా ఉరికితే, కష్టపడిన కండరాల్లోనే హిస్టమిన్ పుడుతుంది. తుమ్ములు, దురదలు తెప్పించే ఆ హిస్టమినే, కానీ ఇక్కడ అది మంచి పనే చేస్తుంది. రక్తనాళాలను వెడల్పు చేసి, పరుగు ఆపాక కూడా గంటకు పైగా ఆ కండరాలకు రక్తం ఎక్కువగా అందిస్తుంది. బీపీ కాస్త తగ్గుతుంది. అలాంటప్పుడు గీత దాటగానే ఉన్నచోటే నిలబడిపోతే రక్తం కాళ్లలోనే ఉండిపోయి తలకు చాలదు, కళ్లు బైర్లు కమ్ముతాయి.

అందుకని గీత దాటాక వేగం తగ్గిస్తూ ఇంకో రెండు వందల మీటర్లు జాగింగ్, ఆపై పది నిమిషాలు నడక. నడుస్తున్నంతసేపు పిక్కలు రక్తాన్ని పైకి తోస్తూనే ఉంటాయి. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడటం నా దగ్గర నడవదు. అయినా తల తిరిగితే మాత్రం నడక ఆపి, పడుకుని కాళ్లు ఎత్తి పెట్టండి.

చెమట పట్టగానే కొందరికి మెడ, ఛాతీ మీద ఆవగింజంత పొక్కులు లేచి చురచురమంటాయి. చల్లబడ్డాక మామూలుగా గంటా గంటన్నరలో అవే పోతాయి. "అన్నా, సిట్రిజిన్ వేసుకుని ఉరకనా?" అని అడుగుతారు. డాక్టర్ రాస్తే వేసుకోండి, ఊరికే రోజూ మింగొద్దు. అది హిస్టమిన్‌ను అడ్డుకునే గోలీయే. బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీ వాళ్లు ఆరు వారాలు సైకిల్ తొక్కించి, హిస్టమిన్‌ను అడ్డుకునే గోలీలు పెద్ద డోసులో ఇచ్చి చూస్తే, ట్రైనింగ్ వల్ల రావాల్సిన లాభమే తగ్గింది. ఆ పరిశోధన 2021లో వచ్చింది.

ఒక్క విషయంలో మాత్రం జర భయపడండి. కొందరికి పూరీలో, చపాతీలో ఉండే గోధుమ తిన్నా ఏమీ కాదు, ఉత్తగా ఉరికినా ఏమీ కాదు, తిని ఉరికితే మాత్రం అలర్జీ వచ్చి ఒళ్లు తిరగబడుతుంది. రొయ్యలతోనూ అంతే. పైగా నొప్పి గోలీ వేసుకుని వస్తే ఇంకా ప్రమాదం. ఒక్కసారైనా దద్దుర్లు వచ్చినవాళ్లు పరుగుకు నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దు.

పెద్ద పెద్ద దద్దుర్లు, పెదాల వాపు, గొంతు పట్టేసినట్టు ఉండటం, ఊపిరి ఆడకపోవడం, వాంతులు... వీటిలో ఏది మొదలైనా ఆ రౌండ్ పూర్తి చేద్దామనుకోకండి, వెంటనే ఆపి 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావాల్సింది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్, సిట్రిజిన్‌తో అది ఆగదు. ఆయాసం ఉంటే కూర్చోబెట్టండి, లేకుంటే పడుకోబెట్టండి, లేపి నడిపించొద్దు. అలర్జీ డాక్టర్ చూసి సరేననేదాకా మళ్లీ గ్రౌండ్‌కు రావొద్దు, సరేనన్నాక కూడా ఒంటరిగా ఉరకొద్దు.