రాష్ట్ర స్థాయి సింగిల్ పేయర్ వైద్య వ్యవస్థకు ప్రతిపాదన రాయడం ఎలా?

అమెరికాలో ఏదైనా రాష్ట్రం తన ప్రజలందరి వైద్య ఖర్చును ఒకే ప్రభుత్వ నిధి నుంచి చెల్లించాలని (దీన్నే సింగిల్ పేయర్ వ్యవస్థ అంటారు) కోరేవారు సాధారణంగా ఏయే చికిత్సలు లభిస్తాయనే జాబితాతో ప్రతిపాదన మొదలుపెడతారు. నా దృష్టిలో ఆ జాబితా చివర రాయవలసినది. మొదట రాయవలసినది డబ్బు లెక్క.

వెర్మాంట్ రాష్ట్ర అనుభవమే ఇందుకు సాక్ష్యం. 2011లో అక్కడ ఇలాంటి వ్యవస్థ కోసం చట్టం చేశారు గాని, ఏ పన్నుతో నడపాలన్నది తేల్చకుండా వాయిదా వేశారు. 2014 డిసెంబరులో లెక్క బయటికి వచ్చేసరికి, యజమానులు ఇచ్చే జీతాల మొత్తంపై 11.5 శాతం, కుటుంబాల ఆదాయంపై 9.5 శాతం వరకు వసూలు చేయవలసి ఉంటుందని తేలడంతో, ఆ పథకాన్నే వాగ్దానం చేసి గెలిచిన గవర్నర్ పీటర్ షమ్లిన్ స్వయంగా దానిని విరమించుకున్నారు. కనుక కొత్త పన్నును దాచకండి. ఒక కుటుంబం ఇప్పుడు కడుతున్న ప్రీమియం, డిడక్టబుల్ (బీమా చెల్లింపు మొదలయ్యేలోపు సొంతంగా భరించే మొత్తం), కోపే (ప్రతి వైద్య సేవకు చేతి నుంచి కట్టే సొమ్ము), యజమాని భరిస్తున్న వాటా ఒక వైపు, రాబోయే పన్ను మరో వైపు పెట్టి, ఎవరికి తగ్గుతుందో, ఎవరికి పెరుగుతుందో నిజాయితీగా చూపండి. 2016లో కొలరాడో ఓటర్లలో దాదాపు 80 శాతం మంది ఇలాంటి ప్రతిపాదనను తిరస్కరించారన్న సంగతి మరువకూడదు.

తర్వాత ఫెడరల్ చట్టాల చిక్కు. 1974 నాటి ఎరిసా చట్టం ప్రకారం కంపెనీలు తమ సొంత నిధులతో నడిపే ఉద్యోగుల ఆరోగ్య పథకాలను రాష్ట్రం నియంత్రించలేదు. అందువల్ల వాటిని రద్దు చేస్తామని రాయకుండా, అందరికీ వర్తించే జీతాల పన్ను రూపంలో నిధి సమకూర్చే మార్గం రాయాలి. ఒబామాకేర్‌గా పిలిచే అఫర్డబుల్ కేర్ చట్టంలోని 1332 సెక్షన్ కింద అనుమతి పొందితే, కేంద్రం ఇచ్చే ప్రీమియం రాయితీల సొమ్మును రాష్ట్రం వాడుకోవచ్చు, అయితే దానివల్ల ఫెడరల్ బడ్జెట్ లోటు పెరగకూడదు. తక్కువ ఆదాయం ఉన్నవారి ప్రభుత్వ బీమా అయిన మెడిక్‌ఎయిడ్‌కు వేరే అనుమతి కావాలి. ప్రధానంగా వృద్ధులకు ఇచ్చే ఫెడరల్ బీమా అయిన మెడికేర్‌ను 1332 సెక్షన్ కదిలించలేదు కాబట్టి, దానిని ఎలా కలుపుతారో, లేక విడిగా ఉంచుతారో స్పష్టంగా చెప్పాలి.

"నివాసి" అనే మాటకు నిర్వచనం తప్పనిసరి. హెచ్-1బి వీసాపై ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఉద్యోగం పోతే దానితోపాటే కంపెనీ ఇచ్చే బీమా కూడా పోతుంది. వారూ పన్ను కడతారు గనుక వీసాతో నిమిత్తం లేకుండా వారిని చేర్చాలని నేను గట్టిగా కోరుతాను. సందర్శకులుగా వచ్చే తల్లిదండ్రుల విషయం విడిగా రాయాలి.

వైద్యులతో ముందే మాట్లాడండి. కెనడాలోని సస్కాచెవాన్‌లో 1962 జూలైలో ప్రభుత్వ వైద్య బీమా మొదలైన రోజే వైద్యులు సమ్మెకు దిగారు. 23 రోజుల తర్వాత కుదిరిన ఒప్పందంలో వారి స్వతంత్ర ప్రాక్టీసుకు హామీ లభించింది. ఆ హామీని మొదటి ముసాయిదాలోనే ఇవ్వవచ్చు. కొత్త వ్యవస్థ వల్ల పని కోల్పోయే బీమా కంపెనీల ఉద్యోగులకు పరివర్తన భృతి, శిక్షణ కూడా అందులో ఉండాలి.

తొలి బిల్లులోనే మొత్తం వ్యవస్థను అడగనవసరం లేదు. ఒరెగాన్ రాష్ట్రం 2019లో ఒక అధ్యయన బృందాన్ని వేసి, 2022లో నివేదిక అందుకుని, 2023లో పూర్తి ప్రణాళిక సిద్ధం చేయడానికి ఒక బోర్డును ఏర్పరచింది. మీ శాసనసభ్యుని ముందు మొదట పెట్టవలసినది అటువంటి బోర్డుకు సంబంధించిన బిల్లు. నిధుల ప్రణాళికను గడువులోగా సమర్పించాలన్న నిబంధన అందులో తప్పక రాయించండి.