కారు పెయింటు కాపాడుకుందాం – నాలుగో పాఠం: చలికాలానికి వ్యాక్స్ పట్టించడం

గడిచిన మూడు పాఠాల్లో రెండు బకెట్ల పద్ధతిలో కడగడం, అతుక్కుపోయిన మురికిని క్లే బార్‌తో లాగేయడం, సన్నగీతలను పాలిష్‌తో తగ్గించడం చూశాం. ఇప్పుడు వ్యాక్స్. అసలు పనంతా ఇదే అనుకుంటారు చాలామంది. నా లెక్కలో మొత్తం శ్రమలో ఇది ఆఖరి పావు వంతు. ఒకరి కారు మీద వ్యాక్స్ నాలుగు నెలలు నిలుస్తుంది, పక్కింటి కారు మీద నాలుగు వారాల్లో పోతుంది. చాలాసార్లు ఆ తేడా డబ్బాలో ఉండదు. పూయకముందు పెయింటు మీద జిడ్డు ఎంత లేకుండా చేశారు, ఎంత పల్చగా పూశారు, పూశాక ఎంతసేపు తడి తగలనివ్వలేదు, వీటిలో ఉంటుంది.

చలి దేశాల్లో ఈ పని అక్టోబరులో చేసుకునేది రోడ్ల మీద ఐసు కరగడానికి చల్లే ఉప్పుకు భయపడి. మనకు ఆ బాధ లేదు. మన బాధలు వేరు. తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మూడో వారంలో మొదలవుతాయి. నవంబరంతా వాన, బురద, మధ్యలో ఒకటి రెండు వాయుగుండాలు. ధనుర్మాసం వచ్చేసరికి వాన తగ్గి మంచు మొదలవుతుంది. బయట పెట్టిన కారు రాత్రంతా తడిసి, పొద్దున ఎండకు ఆరుతుంది. ఆ తడికి పట్టిన దుమ్ము అక్కడే గట్టిపడుతుంది.

ఇక మామిడి చెట్టు సంగతి. చిత్తూరు చుట్టుపక్కల నీడ కోసం కారును తోట పక్కనే ఆపడం అందరికీ అలవాటు. డిసెంబరు, జనవరిలో పూత వచ్చేసరికి తేనెమంచు పురుగు కూడా వస్తుంది. అది పూత రసం పీల్చి జిగట లాంటి తీపి ద్రవం విసర్జిస్తుంది. ఆకుల మీద ఆ జిగట మీదే నల్లటి మసి బూజు పెరుగుతుంది. చెట్టు కింద రెండు రోజులు నిలిపిన కారు బానెట్ మీద చెయ్యి పెడితే అంటుకుంటుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే జిగటలో ఇరుక్కున్న దుమ్ము కూడా గుడ్డతోపాటు తిరిగి గీతలు పడతాయి. వ్యాక్స్ ఉన్న పెయింటు మీదైతే షాంపూ నీళ్లకే వదులుతుంది. పిట్టల రెట్టలో ఉండే యూరిక్ ఆమ్లం సంగతీ అంతే. వ్యాక్స్ దాన్ని పూర్తిగా ఆపలేదు గానీ, మీరు చూసి తుడిచేదాకా కాస్త సమయం ఇస్తుంది.

కాబట్టి ముహూర్తం ఇదీ: ఆయుధపూజ అయిపోయాక, పెద్ద వానలు పట్టకముందు వచ్చే రెండు మూడు పొడి రోజులు. పూజకు ముందే వ్యాక్స్ పట్టించేస్తే బాగుంటుంది కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, వ్యాక్స్ మీద పెట్టిన పసుపు తేలిగ్గా పోతుంది. అయితే ఆరిన గంధాన్ని గోటితో గీకేవాళ్లు, స్వస్తిక్ మీద స్టిక్కరు అతికించేవాళ్లు మనింట్లోనే ఉంటారు గనుక పూజ తరువాతే నయం. పాత పసుపు మరక లేతగా మిగిలితే కంగారు పడొద్దు. పసుపులోని రంగు ఎండకు వెలిసిపోయే రకం, కొన్ని రోజుల్లో అదే తగ్గుతుంది.

ఏ వ్యాక్స్ కొనాలి?

దుకాణంలో ‘వ్యాక్స్ పాలిష్’ అని అడిగితే చేతికి రబ్బింగ్ కాంపౌండ్ వచ్చే ప్రమాదం ఉంది. అది పెయింటును అరగదీసే సరుకు, కాపాడేది కాదు. మన కార్ల పెయింటు మీద పైన ఉండే రంగులేని పొర, అంటే క్లియర్ కోట్, మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక కంటే పల్చన. దాన్ని ఏటేటా అరగదీయడానికి లేదు. ‘క్లీనర్ వ్యాక్స్’ అని రాసి ఉన్నవాటిలోనూ కొంచెం అరగదీసే గుణం ఉంటుంది, ఎక్కువ కాలం నిలవవు కూడా.

మిగిలినవి రెండు రకాలు. ఒకటి కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో, మన రాయలసీమ లాగే ఎండలు, కరువు ఉండే ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు తన ఆకులు ఎండిపోకుండా వాటి మీద మైనం పూత వేసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే వచ్చే పొడి అది. 82 నుంచి 86 డిగ్రీల దగ్గర గానీ కరగదు. మెరుపు బాగుంటుంది, ముదురు ఎరుపు, నలుపు కార్లకు మరీ అందం. కానీ కార్నౌబాయే ప్రధానంగా ఉన్న వ్యాక్స్ మామూలుగా నెల, రెండు నెలలకు మించి నిలవదు. రెండోది సింథటిక్ పాలిమర్లతో చేసిన సీలెంట్, లేదా కార్నౌబాను వాటితో కలిపిన గట్టి పేస్టు వ్యాక్స్. చలికాలం గట్టెక్కాలంటే ఇవే. సంక్రాంతి దాకా నిలిస్తే మనకు చాలు, అంతకు మించి నిలిస్తే లాభమే. నన్నడిగితే మెరుపు కోసం డబ్బు పెట్టొద్దు. తెల్ల కారు మీద ఏ వ్యాక్స్ మెరుపైనా పక్కవాడికి తెలియదు.

డీలరు దగ్గర సెరామిక్ కోటింగ్ చేయించుకున్నవాళ్లకు ఈ పాఠం అవసరం లేదు. వాళ్లు నేరుగా ఐదో పాఠానికి వెళ్లొచ్చు. ఈమధ్యే డెంటింగ్, పెయింటింగ్ చేయించినవాళ్లు మాత్రం ఆగాలి. కొత్త పెయింటులోని ద్రావకాలు బయటికి పోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ భాగం వదిలేసి మిగతా కారుకు పట్టించండి.

జిడ్డు తీయడం

ఇక్కడ తొందరపడితే తరువాత చేసే పనంతా వృథా. పోయిన పాఠంలో పాలిష్ చేశాం కదా, ఆ పాలిష్‌లో ఉండే నూనెలు ఇంకా పెయింటు మీదే ఉన్నాయి. అవే సన్నగీతల్లో నిండి కారును నున్నగా చూపిస్తాయి. వాటి మీద వ్యాక్స్ పూస్తే అది పట్టుకునేది నూనెను, పెయింటును కాదు. తారు మచ్చలు తీయడానికి కిరోసిన్ వాడినవాళ్లకూ ఇదే సమస్య.

మందుల షాపులో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. జెల్ శానిటైజర్ పనికిరాదు, అందులో వేరే సరుకులు కలుస్తాయి. ఒక వంతు ఆల్కహాల్‌కు రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీలో పోసే నీళ్లు, కలిపి స్ప్రే సీసాలో పోసుకోండి. మంటకు దూరంగా, గాలి ఆడే చోట పని చేయండి. ముందు డోరు తెరిచి లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూడండి. పెయింటుకు ఏమీ కాకపోతే పానెల్‌కు కొంచెం చొప్పున కొట్టి, ఒక మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, వెంటనే రెండో పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచేయండి. గుడ్డను తరచూ మడత మార్చండి.

తరువాత పరీక్ష. పానెల్ మీద బ్యాటరీ నీళ్లు కాస్త చల్లండి. గుండ్రటి చుక్కలుగా నిలబడితే పాత వ్యాక్సో, నూనో ఇంకా ఉన్నట్టు. పల్చటి పొరలా పరుచుకుంటే పెయింటు సిద్ధం. ఆ నీళ్లు తుడిచేయండి. ఈ పరీక్షలో నెగ్గని కారుకు వ్యాక్స్ డబ్బా మూత తీయొద్దు.

బోరు నీళ్లతో కడిగే ఇళ్లలో ఇంకొకటి చూసుకోవాలి. మన బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. ఆరితే తెల్లటి గుండ్రటి మరకలు మిగులుతాయి. వ్యాక్స్ కింద అవి అలాగే ఉండిపోతాయి. తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, చల్లటి పెయింటు మీద గుడ్డతో అద్ది, నిమిషం లోపే బాగా కడిగేయండి. అది ఆల్కహాల్ పనికి ముందే జరగాలి.

పూయడం

పెయింటు చల్లగా ఉండాలి. చేతి వెనకవైపు బానెట్ మీద పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే ఆగండి. వేడి పెయింటు మీద వ్యాక్స్‌లోని ద్రావకం వెంటనే ఎగిరిపోయి, మైనం మచ్చలు మచ్చలుగా గట్టిపడుతుంది. షెడ్డో, అపార్ట్‌మెంట్ సెల్లారో ఉంటే ఏ వేళైనా పర్వాలేదు. లేనివాళ్లు పొద్దున్నే మొదలుపెట్టాలి. పొద్దుటి పూట ఇంటికి పడమటి వైపు నీడ ఉంటుంది, అక్కడ పెట్టండి. చెట్టు కింద వద్దు. పదిన్నరకల్లా ముగిస్తే రాత్రి మంచు దిగేలోపు వ్యాక్స్ గట్టిపడడానికి ఒక పగలంతా దొరుకుతుంది. ఆ మొదటి పన్నెండు గంటలు తడి తగలకూడదు. రాత్రికి స్నేహితుల షెడ్డులో పెట్టగలిగితే మరీ మంచిది.

నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగుల మీద మాస్కింగ్ టేపు అతికించండి. వాటికి వ్యాక్స్ అంటితే తెల్లగా మిగిలిపోతుంది, తీయడం పెద్ద తలనొప్పి. అప్పటికీ అంటితే పాత టూత్‌బ్రష్‌తో షాంపూ వేసి రుద్దండి.

ఫోమ్ అప్లికేటర్‌ను డబ్బాలో ఒక్కసారి తిప్పండి, అంతే. దోసె పెనం మీద సగం ఉల్లిపాయతో నూనె రాస్తాం కదా, అంత పల్చగా రాయాలి. పూసింది కనిపించీ కనిపించనట్టు, కింద పెయింటు రంగు స్పష్టంగా తెలుస్తూ ఉండాలి. హాచ్‌బ్యాక్ కారు మొత్తానికి ఒకటి రెండు టీస్పూన్ల సరుకు సరిపోతుంది. మందంగా పూస్తే ఎక్కువ నిలుస్తుందనేది భ్రమ. పెయింటును అంటుకున్న పొర మాత్రమే మిగులుతుంది, పైదంతా గుడ్డకు పోతుంది. పోనీ పోతుందా అంటే అదీ తేలిగ్గా పోదు, చేతులు నొప్పెడతాయి.

నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, గీత మీద గీత కాస్త ఎక్కేలా పూయండి. సుడులు తిప్పొద్దు. రూఫ్ మొదలు, తరువాత బానెట్, డిక్కీ, డోర్ల పై భాగం, చివరగా కింది భాగాలు. కింద ఇసుక రేణువు ఏదైనా మిగిలితే అది అప్లికేటర్‌కు అంటి పైకి రాకుండా ఈ వరస. చక్రాల వెనక ఉండే అంచులు, ముందు బంపర్, బానెట్ కొన, అద్దాల వెనక భాగం – వాన బురద, పురుగులు ఎక్కువ కొట్టేవి ఇవే. వీటిని మాత్రం ఓపిగ్గా చూసుకోండి.

ఎప్పుడు తుడవాలనేది డబ్బా మీది నిమిషాలను బట్టి కాదు, వేలితో చూడాలి. శుభ్రమైన వేలితో ఒక గీత గీస్తే కింద పెయింటు తేటగా కనిపిస్తే తుడవొచ్చు. మరకగా సాగితే ఇంకా ఆగాలి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఆలస్యమవుతుంది. గట్టి పేస్టు వ్యాక్సులకు మాత్రం ఇంకో నియమం: కారంతా పూసి అప్పుడు తుడుద్దాం అనుకోవద్దు. ఒక పానెల్ పూయడం, తుడవడం, తరువాతి పానెల్‌కు వెళ్లడం. ఎక్కడైనా గట్టిపడిపోతే బలంగా రుద్దకండి. దాని మీదే మళ్లీ కొంచెం వ్యాక్స్ రాయండి, అందులోని ద్రావకానికి పాతది మెత్తబడి రెండూ కలిసి వచ్చేస్తాయి.

రెండో కోటు మరుసటి రోజు వేయొచ్చు. అది మందం కోసం కాదు, మొదటిసారి చెయ్యి పడని చోట్ల కోసం. మూడో కోటుతో ఏమీ ఒరగదు.

తిరుమల కొండకు తరచూ వెళ్లేవాళ్లు అలాయ్ చక్రాలకు కూడా సీలెంట్ పట్టించండి. దిగేటప్పుడు వచ్చే మొదటి ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ బ్రేకు తొక్కాల్సిందే. ఆ బ్రేకు పొడిలోని ఇనుప రేణువులు వానకు తుప్పు పట్టి గోధుమరంగు చుక్కలవుతాయి. అక్కడి వేడికి సీలెంట్ బానెట్ మీద ఉన్నంత కాలం ఉండదు, మధ్యలో ఒకసారి మళ్లీ వేసుకోవాలి.

ఇంటిపని

వారం ఆగి, కారు కడిగాక చివర్లో గొట్టానికి ముందు పెట్టే నాజిల్ తీసేసి, నీళ్లను నెమ్మదిగా రూఫ్ మీద, డోర్ల మీద పారనివ్వండి. నీళ్లు ఎక్కడ గబగబా జారిపోతున్నాయి, ఎక్కడ పరుచుకుని నిలుస్తున్నాయి చూసి, నిలిచిన చోట్లను కాగితం మీద రాసుకోండి. పెద్ద బండ్లకు రూఫ్ మధ్యభాగం, డోర్ హ్యాండిళ్ల కింది గుంటలు ఎక్కువగా దొరుకుతాయి. అక్కడికి మాత్రం మళ్లీ ఆల్కహాల్ తుడుపు, ఒక పల్చటి కోటు. చుక్కలు గుండ్రంగా నిలబడ్డాయని మురిసిపోయి అలాగే వదిలేయకండి. బోరు నీళ్లైతే ఒక్కో చుక్కా ఆరి ఒక్కో తెల్ల మరక అవుతుంది, వెంటనే గుడ్డతో అద్దేయండి.

ఐదో పాఠంలో వ్యాక్స్ పోకుండా కడగడం ఎలాగో చూద్దాం. దానికి గిన్నెలు తోమే సబ్బు కాకుండా మామూలు కార్ షాంపూ ఒకటి తెచ్చి పెట్టుకోండి. ఈ పాఠంలో రాసుకున్న కాగితం కూడా దగ్గర ఉంచుకోండి.