మందు ఆపాకే సుడిదోమ తగ్గింది (నా అనుభవం)

పర్లాకిమిడి దగ్గర మా వరిలో సుడిదోమ (దుబ్బుల మొదట్లో రసం పీల్చే చిన్న పురుగు) పడి, చేను అక్కడక్కడ గుండ్రంగా ఎండిపోయింది. భయంతో పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టాను. దోమ ఇంకా పెరిగింది.

దుబ్బులు విడదీసి చూస్తే, గోధుమ రంగు దోమల మధ్య నల్ల తల, పచ్చ రెక్కలున్న పురుగొకటి చురుగ్గా తిరుగుతోంది. మూడు మిల్లీమీటర్లుంటుందేమో. మళ్లీ స్ప్రేయరు ఎత్తబోతే మా బావ ఆపాడు: “ఆగరా, అది మిరిడ్ నల్లి, మనదే!” దీని శాస్త్రీయ నామం సిర్టోరైనస్ లివిడిపెన్నిస్. దోమ ఆకు తొడుగులో దాచిన గుడ్లను ముక్కు గుచ్చి పీల్చేస్తుంది. నా మందు ముందు చంపింది దీన్నే, పాపం.

మందు ఆపి, నీరు తీసేసి, గాలాడేలా దుబ్బులు పక్కకి తోసి బాటలు చేశాను. ఎండినవి పోయాయి, మిగతా చేను నిలిచింది. ఈ ఏడు నాటేటప్పుడే 2 మీటర్లకొకటి, 20 సెంటీమీటర్ల బాట వదిలాను.