ఎండాకాలంలోనూ అసీల్ గుడ్లు పిల్లలయ్యాయి

గుంటూరు చుట్టుపక్కల పెంపకందార్ల దగ్గర అసీల్ (పందెం కోడి జాతి) గుడ్లు తెస్తే, ఏప్రిల్ దాటాక సగం మురిగిపోయేవి. అందరూ పుంజును అనుమానిస్తారు గానీ అసలు కారణం వేడి. 25 డిగ్రీలు దాటిన గదిలో ఉంచితే, పొదగకముందే పిండం పెరగడం మొదలై నీరసించి చచ్చిపోతుంది.

అందుకే ఇప్పుడు పెంపకందారుకు ముందే చెబుతాను: పెట్టిన పూటే తీసి, తడి ఇసుక మీద పెట్టిన కుండలో నీడన ఉంచమని. వారంలోపు గుడ్లే, తెల్లవారుజామున, ఊక పోసిన డబ్బాలో తెస్తాను. సన్నకొన కిందికి పెట్టి ఆ రాత్రంతా కదపను. కడగను కూడా, పైపొర పోతే క్రిములు దూరతాయి. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీలు, 18వ రోజు నుంచి తిప్పడం మాని తేమ పెంచడం. 21వ రోజుకు పిల్లలు.

తల్లీ తండ్రీ అయిన జత పక్షులను చూడకుండా మాత్రం గుడ్డు కొనకండి. కోళ్లను డేగ, కాకి అని పిలిచేది రంగును బట్టి మాత్రమే. కాలి ఎముక, నిలబడే తీరు చూడండి.